అడుగున ఉన్న కెర్నెల్

ఆ ఇంట్లో కంప్యూటర్ ఒకటే, దాని మీద పెత్తనం మాత్రం ఇద్దరిది. పొద్దున పూట మామగారిది, మధ్యాహ్నం నుంచి కోడలిది. మామగారు పనిచేసిన ఫోటో స్టూడియో మూతపడినా ఆయన చేతులు మూతపడలేదు. చిరిగిన ఫోటోలు, చెమ్మ పట్టినవి, చెదలు కొట్టినవి ఎవరు తెచ్చినా సరే, కంప్యూటర్లోకి ఎక్కించి, దానికి తగిలించిన నల్లటి పలక మీద పెన్నుతో గీసి గీసి, మాసిపోయిన మనుషుల్ని మళ్ళీ మనుషుల్లా చేసి పంపేవారు. వీధి వీధంతా ఆయన్ని స్టూడియో తాతయ్య అంటుంది. కోడలి పని వేరు. కట్టబోయే ఇల్లు లోపల ఎలా ఉంటుందో బిల్డర్లకి కంప్యూటర్లో ముందే కట్టి చూపిస్తుంది. ఏ గోడ మీద ఎంత వెలుగు పడుతుందో, సోఫా నీడ ఎటు వాలుతుందో తేల్చడానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆ కార్డుని ఆవిడ కంటికి రెప్పలా చూసుకుంటుంది. తనని కూడా అంత బాగా చూసుకోదని మొగుడు అంటూ ఉంటాడు కానీ, అతని మాటలు మనం పట్టించుకోనక్కర్లేదు.

కంప్యూటర్లో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్. దానికి గుండెకాయ లాంటిది కెర్నెల్. లైనక్స్‌లో ఉన్న మర్యాద ఏమిటంటే, కొత్త కెర్నెల్ వచ్చిందని పాతదాన్ని వెంటనే వెళ్ళగొట్టదు. కొత్తది మొరాయిస్తే పాతదానితో పని గడుపుకోమని పక్కనే ఉంచుతుంది. స్విచ్ వెయ్యగానే తెర మీద కాసేపు ఒక జాబితా కనిపిస్తుంది, ఏ కెర్నెల్‌తో లేవమంటారు అని. ఒక్కో కెర్నెల్ పేరు కిందా దాని రిపేరు మోడ్ కూడా ఒక వరస ఉంటుంది. ఎవరూ ఏమీ నొక్కకపోతే పైదానితో లేస్తుంది. ఇంత పద్ధతైన ఇంట్లో పేచీకోరు ఎవరంటే డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ కార్డుని నడిపించే ప్రోగ్రాం. కెర్నెల్ మారిన ప్రతిసారీ దానికి కొత్తగా నచ్చజెప్పి కూర్చోబెట్టాలి. కోడలి దగ్గర మూడు కెర్నెళ్ళు ఉన్నాయి. పై రెండిటితో డ్రైవర్‌కి బాగానే కుదిరింది. అడుగున ఉన్న పాతదానితో మాత్రం బొత్తిగా పొసగలేదు. దానితో లేపితే అంత ఖరీదైన కార్డూ ఉన్నా లేనట్టే, తెర మీద అక్షరాలు ఇంతింత లావున వచ్చి కూర్చుంటాయి. అయినా ప్రాణం మీదకి వస్తే పనికొస్తుందిలే అని కోడలు దాన్ని అలాగే ఉంచింది.

గొడవంతా అక్కడే మొదలైంది. మధ్యాహ్నం సైట్ నుంచి వచ్చి కుర్చీలో కూర్చోగానే ఆవిడకి కనిపించేవి ఆ లావాటి అక్షరాలే. కంప్యూటర్ అడుగు కెర్నెల్‌తో లేచి ఉండేది. ఆపి మళ్ళీ వేస్తే బుద్ధిగా కొత్తదానితో లేచేది. మర్నాడు మళ్ళీ మామూలే.

"మామయ్యా, పొద్దున వేసినప్పుడు మీరేమైనా నొక్కారా?" అని అడిగింది.

"నేనేం నొక్కుతానమ్మా. స్విచ్ నొక్కుతాను, నా పని చేసుకుంటాను," అన్నారాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆ పేపరు ఆయన చేతిలో తలకిందులుగా ఉన్నా కోడలు గమనించేది కాదు, అంతగా కంప్యూటర్ ధ్యాసలో ఉంది. సెట్టింగులన్నీ తిరగేసింది. ఎప్పుడూ పైదానితోనే లేవాలని రెండు చోట్ల రాసిపెట్టింది. లోపలుండే బుల్లి బ్యాటరీ అయిపోయిందేమోనని కొత్తది వేసింది. కార్డు ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించింది. లైనక్స్ వాళ్ళ చర్చా వేదికల్లో అడిగితే, ఇలాంటిది ఎక్కడా వినలేదని ఒకరు, బాగానే ఉంది నీ తమాషా అని ఇంకొకరు జవాబిచ్చారు. ఆవిడ తల ప్రాణం తోకకి వచ్చింది.

"దయ్యం పట్టిందేమో," అన్నాడు మొగుడు.

"పడితే నీకు పట్టాలి, దానికెందుకు పడుతుంది," అంది కోడలు.

మామగారు నవ్వలేదు. మామూలుగా అయితే ఇలాంటి చోట కోడలి పక్షం చేరి కొడుకుని ఏడిపించే అవకాశం ఆయన వదులుకునే మనిషి కాదు. ఆ ఇద్దరి సఖ్యం అలాంటిది. ఆయన తన పని ముగించి లేచేటప్పుడు, పొట్టి కోడలికి సరిపోయేలా కుర్చీ ఎత్తు దించి మరీ లేచేవారు. ఆవిడ ఆయన పెన్ను మొన అరిగిపోకముందే కొత్త మొన తెచ్చి సొరుగులో పెట్టేది. ఇలాంటివి ఇద్దరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు.

చివరికి కోడలు విసిగిపోయి, ఒక ఆదివారం నాడు నడుం బిగించింది. పై రెండు కెర్నెళ్ళూ డ్రైవర్‌తో ఏ గొడవా లేకుండా లేస్తున్నాయని ఒకటికి రెండుసార్లు చూసుకుంది. ఇక అడుగుదానితో పనేముంది అనుకుని దాన్ని తీసి పారేసింది. జాబితా పొట్టిదైంది. ఆవిడకి ఇల్లు ఊడ్చినంత హాయిగా అనిపించింది.

"పీడ విరగడైంది," అంది భోజనాల దగ్గర. "ఆ పాత కెర్నెల్‌ని మూలమట్టంగా తీసేశాను. ఇక అది లేచే ప్రశ్నే లేదు."

మామగారి చెయ్యి కంచంలో ఆగింది. "తీసేశావా?" అన్నారు. ఆ తర్వాత, "మంచి పని చేశావమ్మా," అని మంచినీళ్ళు తాగి లేచారు.

మర్నాడు బిల్డర్ రాలేదని సైట్‌లో పని ఆగిపోయింది. కోడలు పొద్దెక్కకుండానే ఇంటికి తిరిగొచ్చింది. మామగారు కంప్యూటర్ ముందే ఉన్నారు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని, ముందుకి వంగి, పలక మీద పెన్ను ఆడిస్తున్నారు. వీధి చివర టైలరమ్మ వాళ్ళ నాన్న ఫోటో పని అది. ఆవిడ దగ్గర తండ్రి ఫోటో అదొక్కటే ఉంది, సాయంత్రం వచ్చి తీసుకెళ్తానంది.

"ఎంతవరకు వచ్చింది మామయ్యా?" అంది కోడలు చెప్పులు విప్పుతూ.

"సాగుతోందమ్మా. మీసం దగ్గర ఉన్నాను. కాస్త మొండికేస్తోంది."

కోడలు వెనకనుంచి తెర వైపు చూసింది. మీసం లేదు. అసలు మనిషే లేడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరసగా ఉన్నాయి. కంప్యూటర్ రిపేరు మోడ్‌లో లేచింది, ఏం చెయ్యమంటారో చెప్పండి అని అడుగుతోంది. ఆ ఖాళీ తెరకేసి చూస్తూ మామగారు పెన్నుతో లేని మీసాన్ని జాగ్రత్తగా దిద్దుతున్నారు.

ఇన్నాళ్ళూ కోడలు బ్యాటరీలనీ, కార్డులనీ అనుమానించింది కానీ, ఒక్కసారి కూడా ఈ మనిషి ముఖంలోకి చూడలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"మామయ్యా, తెర మీద ఫోటో లేదు," అంది మెల్లగా.

పెన్ను ఆగింది. "తెలుసు," అన్నారు. "ఏదో రాసి ఉంది. అదేమిటో తెలియలేదు. ఇంతలో నీ గేటు చప్పుడు వినబడింది."

"స్విచ్ వేశాక ఏం నొక్కారు?"

"ఎప్పుడూ నొక్కేదే. కింది బాణం నాలుగుసార్లు, తర్వాత ఎంటర్. నువ్వు నేర్పిందేగా."

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. ఎప్పుడో తను సైట్‌లో ఉండగా, కొత్త కెర్నెల్ వచ్చిన పొద్దున, కంప్యూటర్ లేవడం లేదని ఆయన ఫోన్ చేశారు. పాతదానితో లేపడం ఎలాగో తనే ఫోన్లో చెప్పింది, ఎన్నిసార్లు నొక్కాలో లెక్కతో సహా. ఆ లెక్కని ఆయన వేళ్ళు పట్టుకున్నాయి. జాబితా చదవలేని మనిషికి వేళ్ళ లెక్కే దారి. ఇప్పుడు జాబితా పొట్టిదయ్యేసరికి, అదే లెక్క ఆయన్ని అట్టడుగున రిపేరు మోడ్‌లో దింపింది.

"ఆ రోజు అక్షరాలు లావుగా వచ్చాయమ్మా," అన్నారాయన. "ఎంత బాగా కనిపించాయో. ఫోటో అంటే ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకుంటాను. చుట్టూ ఉండే పనిముట్లు, వాటి పేర్లు, అవే చీమల్లా ఉంటాయి. నువ్వు మర్నాడు బాగుచేశావు. మళ్ళీ చీమలు వచ్చేశాయి. అందుకని నేను..."

"నాతో ఒక్క మాట అనొచ్చు కదా మామయ్యా. కళ్ళు కనబడటం లేదని చెప్తే నేనేం చేస్తాననుకున్నారు?" కోడలి గొంతులో కోపం ఉంది, ఏడుపూ ఉంది. ఏది ఎక్కువో ఆవిడకే తెలియదు.

ఆయన కళ్ళజోడు దించి పెట్టుకున్నారు. "నాకు పని నేర్పినాయన ఒకరుండేవారు. ఆయనకి చూపు తగ్గిందని తెలిసిన రోజే మా ఓనరు ఎంతో మర్యాదగా గుమ్మం దగ్గర కుర్చీ వేయించాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దండం పెట్టేవారు. మళ్ళీ ఒక్క ఫోటో ఆయన చేతిలో పెట్టలేదు. నువ్వూ మంచిదానివేనమ్మా. కుర్చీ ఇంకా మెత్తటిది వేస్తావు. అందుకే భయం."

కోడలు కళ్ళు తుడుచుకుని, కంప్యూటర్‌ని మళ్ళీ లేపింది, పైన ఉన్న కొత్త కెర్నెల్‌తోనే. మామగారికి విడిగా ఒక ఖాతా తెరిచి, అందులో అక్షరాలూ, పనిముట్లూ, బాణం గుర్తూ అన్నీ రెండింతలు చేసింది. డ్రైవర్ సరిగ్గా ఉంటే ఇదంతా చిటికెలో పని. పాత కెర్నెల్‌లో అలుక్కుపోయినట్టు ఉండే అక్షరాలు ఇందులో లావుగానూ ఉన్నాయి, తేటగానూ ఉన్నాయి. అడిగి ఉంటే ఎప్పుడో అయిపోయేది, కనుక్కోవాలని తనకైనా తట్టి ఉండాల్సింది. రెండో సంగతి తలుచుకుంటే ఆవిడకి సిగ్గేసింది.

"రేపు కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం," అంది.

"వాడికి చెప్పాలా?"

"చెప్తాను. మీ అబ్బాయి కాసేపు గోల పెడతాడు, పెట్టనివ్వండి."

ఆయన తల ఊపి, ఫోటో తెరిచారు. టైలరమ్మ వాళ్ళ నాన్న తెర నిండా వచ్చాడు. కోడలు చూసి ఉలిక్కిపడింది. కాలర్ బాగుంది, మీసం బాగుంది, జుట్టైతే వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. ఎడమ కన్ను మాత్రం కిందికి జారింది. దాంతో ఆ ముఖమే వేరే ఎవరిదో అయిపోయింది.

"ఎలా ఉంది?" అన్నారు మామగారు. ఆయన తెర వైపు చూడటం లేదు, కోడలి వైపు చూస్తున్నారు.

బాగుందని అనడం ఎంత సులువో ఆవిడకి తెలుసు. ఆ మాట అనేసి, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తనే ఆ కన్ను కాస్త పైకి జరిపేస్తే టైలరమ్మకీ తెలియదు, ఆయనకీ తెలియదు. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటని ఆవిడ మింగేసింది.

"బాగాలేదు మామయ్యా. ఎడమ కన్ను జారింది. ఇలా ఇస్తే వాళ్ళ నాన్నని టైలరమ్మ పోల్చుకోలేదు."

మామగారు ఆవిడ ముఖంలోకి ఒక్క క్షణం అలాగే చూశారు. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని, ఇన్నాళ్ళకి మళ్ళీ స్టూడియోలో కూర్చున్న మనిషిలా నిటారుగా అయ్యారు.

"ఎంత జారింది?" అన్నారు పెన్ను అందుకుంటూ.

"వెంట్రుకవాసి."

"సరే, నేను జరుపుతుంటాను. ఎక్కడ ఆపాలో చెప్పు."