జీతానికి కుదిరినవాడు

నీళ్ల గొట్టాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో డ్రమ్మును పక్కకు వంచాడు కిష్టప్ప. అడుగున మిగిలిన పచ్చటి నీళ్లు బుడబుడమంటూ కాలువలోకి జారాయి. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు గానీ, ఆ వాసనకు గుడ్డ ఒక లెక్కా! గొంతులోకి దిగి గుండెల మీద కూర్చుంటుంది. దగ్గు తెర వచ్చింది. డ్రమ్ము అంచు పట్టుకుని, తెర తగ్గేదాకా వంగి నిలబడ్డాడు. గోడ అవతల గుమ్మడిదల రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

మందుల కంపెనీ అది. రసాయనాలు వచ్చిన డ్రమ్ములు ఖాళీ అయ్యాక వెనక పెరట్లోకి చేరుతాయి. వాటిని కడిగేవాడు కిష్టప్ప. ఏళ్ల తరబడి రోజుకూలీగానే కడిగాడు. వచ్చిన రోజుకు డబ్బు, రాని రోజుకు లేదు. ఒళ్లు బాగోకపోతే గొంగడి కప్పుకుని నిశ్చింతగా పడుకునేవాడు. మొన్న ఉగాది దాటాక కంపెనీ అతన్ని నెల జీతం మీదికి తీసుకుంది. అతని భార్య ముత్యమ్మ సంబరపడిపోయి వాడకట్టంతా చెప్పుకుంది. కిష్టప్పకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

జీతమంటే ఏమిటో అతనికి తెలుసు. బాగా తెలుసు. తండ్రి పెంటయ్య కొండాపూర్ దగ్గర ఒక పటేలు ఇంట్లో జీతం ఉన్నాడు. ఏడాదికి కుదిరాడంటే ఆ ఏడాదంతా మనిషి పటేలుదే. జ్వరమొచ్చి పడుకున్న రోజులన్నీ ఏడాది చివర కలిపి చేయాల్సిందే. పెంటయ్య పోయేనాటికి అలాంటి జ్వరం రోజులు ఇంకా మిగిలే ఉన్నాయి. దినాలు కాగానే పటేలు మనిషి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చున్న కిష్టప్పను చూపించి, "వీడు తీరుస్తడు తియ్" అన్నాడు. ఇంకా మీసాలు రాని వయసు. తండ్రి జ్వరాన్ని కొడుకు చాకిరీ చేసి తీర్చాడు. అదేం లోకమో, అదేం ధర్మమో!

పటాన్‌చెరు డాక్టరు ఛాతీ ఫోటో చూసి, "ఇంకా ఆ వాసన పీలిస్తే మనిషి దక్కడు. ఇంట్లో కూర్చోబెట్టు" అని ముత్యమ్మతో ఖరాఖండిగా చెప్పాడు. అందుకే ఈ పొద్దున ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పోకయ్యా. నీ కాల్మొక్కుత, ఇయ్యాల పోకు. నా మనసు మంచిగ లేదు."

"నువ్వు పరేషాన్ గాకు. నేనిప్పుడు పండుకుంటే ఆ రోజులన్ని రేపు సునీల్ నెత్తి మీద పడ్తయ్."

సునీల్ వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. పటాన్‌చెరులో ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. వాడు ఈ పెరటి గడప తొక్కకూడదు. కిష్టప్పకు ఉన్న పట్టుదల అదొక్కటే. ఆమెను పక్కకు జరిపి వచ్చేశాడు. మొండిఘటం!

ఎండ ముదిరినా గాలి ఆడలేదు. వాసన పైకి లేవకుండా నేల మీదే తిరుగుతోంది. సూపర్‌వైజర్ శివరామకృష్ణ ముక్కు మూసుకుని పెరట్లోకి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, మనసు మంచిది.

"నువ్వెందుకొచ్చావయ్యా? నీ దగ్గు చూడలేక పొద్దున్నే నీకు సెలవు రాయించాను కదా! వారం పాటు ఇంటి దగ్గర పడుకో. జీతంలో ఒక్క పైసా తగ్గదు."

"పనికి రాకున్నా జీతమెట్లొస్తది సారూ?"

"నెల జీతమంటే అంతేనయ్యా. సెలవు కూడా అందులోదే."

"మల్ల ఆ రోజులెప్పుడు తీర్చాలె?"

"తీర్చడమేంటి! నిన్నెవరడుగుతారు?"

కిష్టప్ప నవ్వాడు. పటేలూ సరిగ్గా ఇంత తియ్యగానే మాట్లాడేవాడు. 'పండుకోరా పెంటిగా, నిన్నెవడడుగుతడు' అని, అన్నీ మనసులో పెట్టుకునేవాడు. ఈ సారు మంచోడే కావచ్చు. కానీ ఈ సారు పైన ఇంకో సారు ఉంటాడు కదా!

"గీ నాలుగు డ్రమ్ములు కడిగి పోత సారూ."

శివరామకృష్ణకు ఫోన్ వచ్చింది. "త్వరగా వెళ్లిపో మరి" అంటూ లోపలికి నడిచాడు. ఇంకొక్క నిమిషం నిలబడి చేయి పట్టుకుని పంపించేసి ఉంటే ఎంత బాగుండేది!

ఆఖరి డ్రమ్ములో అడుగున చాలానే మిగిలి ఉంది. నీళ్లు పడగానే బుస్సుమంది. తెల్లటి ఆవిరి ముఖానికి కొట్టింది. కిష్టప్ప వెనక్కి జరిగాడు. దగ్గుదామంటే దగ్గు కూడా రాలేదు. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుందనుకుని గోడకు చేరగిలబడ్డాడు. ఇయ్యాల రోజు ఇయ్యాలనే తీరిపోయింది, పోరని మీద ఏమీ పడదు అనుకున్నాడు. ఆ తర్వాత ఏమీ అనుకోలేదు. నీళ్లు పొంగి దారి మీదికి వస్తున్నాయని కట్టేయడానికి వచ్చిన తోటి కూలీ యాదన్న చూసేసరికి, అంతా అయిపోయింది.

ముత్యమ్మ, సునీల్ వచ్చేసరికి కిష్టప్పను ఎక్కించిన అంబులెన్సు గేటు బయట ఉంది. ఇస్త్రీ చొక్కా ఆఫీసరు ఒకాయన గేటు లోపలి నుంచే మాట్లాడాడు.

"ఇతనీ రోజు డ్యూటీలో లేడమ్మా. సెలవులో ఉన్నాడు. సెలవు మనిషికి ఏం జరిగినా కంపెనీకి సంబంధం లేదు."

ఆయన వెనకాలే నిలబడ్డ శివరామకృష్ణ నోరు తెరిచాడు. ఆఫీసరు వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాడు. శివరామకృష్ణ నోరు మూసుకున్నాడు. పాపం, ఆయనదీ నెల జీతమే.

ముత్యమ్మ ఏడవలేదు. భర్త కాళ్లు చూస్తోంది. కంపెనీ బూట్లు ఎవరో అప్పుడే ఊడదీసుకున్నారు. పాదాలు నాని, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"సెలవుల ఉన్నోని కాళ్లు గిట్ల నానుతయా సారూ? ఈయన చెప్పులేవి మరి?"

సునీల్ గేటు ఊచలు పట్టుకున్నాడు.

లోపల పెరట్లో, కుళాయి పక్కన, బొటనవేలు దూర్చే ఉంగటం దగ్గర రాగితీగతో కుట్టుకున్న పాత చెప్పుల జత, పని కాగానే తొడుక్కుని పోవడానికి వీలుగా, గేటు వైపు తిప్పి ఉంది.