ఒరిగి నిలబడే భైరయ్య

నేను ఒక లక్కబొమ్మను. అంకుడు కర్రతో చేసిన డోలుగాణ్ణి. ఏటికొప్పాకలో సత్తిరాజు అనే ఆయన నన్ను లేత్ మీద తిప్పి, పసుపురంగు లక్క పట్టించి, మొగలాకుతో నిగనిగలాడేదాకా రుద్దాడు. మేం అయిదుగురం ఒక మేళం. పెట్టెలో సర్దే ముందు ఒక్కొక్కరినీ అరచేతిలో నిలబెట్టి చూశాడు. మనుషులు మొదట చూసేది అదే, నిలబడుతుందా లేదా అని. అప్పట్లో నేను నిటారుగానే ఉన్నాను.

అనకాపల్లిలో వరహాలమ్మ ఇంటికి చేరాను. ఆవిడ భయాల మనిషి. గ్యాసు కట్టేసి మళ్లీ వెళ్లి చూస్తుంది. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే ఆవిడ మనసు ఆసుపత్రిదాకా వెళ్లొస్తుంది. ఆ కూతురు ఇందుమతికి పుట్టుకతోనే ఎడమకాలు పొట్టి. చంకకర్రతో కాలేజీకి వెళ్తుంది. పడితే పట్టుకుందామని తల్లి చెయ్యి చాచుకుని వీధి మలుపుదాకా వెనకాలే నడుస్తుంది. ఇన్నేళ్లలో ఆ పిల్ల పడింది తక్కువ, ఆవిడ పట్టుకుంది ఇంకా తక్కువ.

ఒకరోజు అద్దాల బీరువా తుడుస్తూ ఆవిడే నన్ను జారవిడిచింది. అడుగున ఓ పెచ్చు ఊడింది. ఇక నిలబెడితే పక్కకి ఒరిగి పడిపోవడమే. విరిగిన బొమ్మ ఇంట్లో ఉంటే ఏం ముంచుకొస్తుందోనని పారేయబోతుంటే, ఇందు నన్ను లాక్కుని చీపురుపుల్ల ముక్కొకటి చంక కింద జిగురుతో అంటించింది. ఒరిగే ఉన్నాను, కానీ నిలబడ్డాను.

ఆదివారాలు ఇందు స్నేహితురాలు రెహానా ఇంట్లో వాళ్లొక ఆట ఆడతారు. రెహానా కథ చెబుతుంది. మిగతావాళ్లు ఆ కథలో తలొక మనిషి. గళ్లు గీసిన చార్టు మీద బొమ్మలు జరుపుతూ, ఏం చేస్తారో చెప్పి పాచిక వేస్తారు. పడిన అంకెను బట్టి ఆ పని అవుతుంది, లేదా కాదు. అందులో నేను ఇందు ఆడే భైరయ్యను, చంకకర్రతో అడవిలో దారి చూపేవాణ్ణి. కర్రతో పొడిచి చూసి అడుగు వేసే అలవాటు ఇంకెవరికీ లేదు కనక బురద వస్తే ముందు నేనే. జగదీశు అనే స్నేహితుడు ఆడే కత్తివీరుడు తొందరపడి రెండుసార్లు నడుందాకా దిగబడ్డాడు. వాణ్ణి లాగింది నా కర్రతోనే.

ఈ సంగతి వరహాలమ్మ చెవిన పడింది. కుంటి బొమ్మనిచ్చి తన పిల్లను ఏడిపిస్తున్నారనే అనుకుంది. అడిగితే పిల్ల బాధపడుతుందేమోనని అడగనూ లేదు. గురువారం నన్ను చేతిరుమాల్లో చుట్టుకుని బస్సెక్కి సత్తిరాజు దగ్గరికే తీసుకుపోయింది. ఆయన పుల్ల పీకేసి, అడుగు సాపు చేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి గుట్టుగా నన్ను ఇందు ఆటకి తీసుకెళ్లే బిస్కెట్ల డబ్బాలో పెట్టేసింది. ఆదివారం, వానకి మెట్లు తడిసుంటాయని కూతురి వెంట తానూ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది.

డబ్బా తెరిచిన రెహానా నేను నిటారుగా ఉండటం చూసి సంబరపడింది. కథలోకి అప్పటికప్పుడు ఒక మడుగు తెచ్చింది. అందులో మునిగిన భైరయ్య కాలు బాగైపోయిందని చెప్పేసింది. జగదీశు చప్పట్లు కొట్టాడు. గుమ్మం దగ్గర వరహాలమ్మ మొహం వెలిగింది. ఇందు మాత్రం పాచిక కింద పెట్టేసింది.

"ఎవరడిగారే?"

"బొమ్మను బాగు చేయించావు కదా, నువ్వే కోరుకున్నావేమో అనుకున్నా."

"పోన్లే, ఇకనుంచి బురదలో నేను ముందుంటాను," అన్నాడు జగదీశు.

"అయితే అందరం పోయినట్టే," అంది రెహానా. ఇందు నవ్వలేదు. కర్ర అందుకుని లేచింది.

"ఈయనెవరో నాకు తెలీదు. ఈయనతో నేను ఆడలేను."

గుమ్మం దగ్గరినుంచి వరహాలమ్మ మెల్లగా అంది. "నేనే చేయించానమ్మా. పడిపోతాడేమోనని."

"ఆనుకుని నిలబడ్డాడమ్మా. ఎప్పుడు పడ్డాడు?"

ఆవిడ లేచింది. దగ్గరికొచ్చి నన్ను తీసుకుని, బయట గరుకు సిమెంటు గట్టు మీద నా అడుగు రుద్దడం మొదలుపెట్టింది. సత్తిరాజు చూసుంటే గుండె పట్టుకునేవాడు. రెండుసార్లు ఆపి, నన్ను గట్టు మీద పెట్టి, రోజూ వీధి మలుపు దగ్గర కూతుర్ని చూసినట్టే వెనకనుంచి కళ్లు చికిలించి చూసింది. ఎంత ఒరగాలని ఎవరినీ అడగలేదు. మూడోసారికి చాలనుకుని, రెహానా వాళ్ల చీపురునుంచి పుల్ల విరిచి చంక కింద ఆనించి, నన్ను చార్టు మీద పెట్టింది.

ఇందు వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"సరిగ్గా ఇంతే," అంది. మళ్లీ కూర్చుని పాచిక తీసుకుంది. మడుగు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మేళంలో మిగతా నలుగురూ బీరువాలో నిటారుగా ఉన్నారు. నేను బిస్కెట్ల డబ్బాలో ఉంటాను, ఆదివారాలు అడవికి వెళ్తాను. వరహాలమ్మకు భయం పోయిందని చెప్పను. ఆరోజు తడి మెట్లు దిగేటప్పుడు కూడా ఆవిడ కూతురి వెనకాలే నడిచింది. ఎప్పుడూ చాచి ఉండే ఆ చెయ్యి మాత్రం, పుల్ల ఊడిపోకుండా, నా చుట్టూ మూసి ఉంది.