పాలరాతి పాదాలకు పసుపు

సంధ్యకు జ్వరం వచ్చిన మూడోనాడు మునిలక్ష్మి పార్కులోని రెక్కల బొమ్మకు మొక్కుకుంది. ఆ పార్కులో ఊడ్చే పనికి చేరి అప్పటికి రెండు నెలలే. ఆ తెల్లటి పాలరాతి బొమ్మ ఎవరిదో, ఎందుకు నిలబెట్టారో ఆమెకు తెలీదు. తల వంచి కిందికి చూసే ముఖంలో దయ ఉంది, చుట్టూ పిల్లలు ఆడుకుంటారు. దేవత అనుకోవడానికి ఇంకేం కావాలి? "తల్లీ, నా బిడ్డ సంధ్యకు జ్వరం దిగితే నీ పాదాలకు పసుపు రాస్తా" అంది. తెల్లారేసరికి ఒళ్ళు చల్లబడింది.

మొక్కు తీర్చకపోతే జ్వరం తిరగబెడుతుందని భయం. సోమవారం పొద్దున్నే బొమ్మకు మోకాళ్ళ దాకా పసుపు పట్టించి కుంకుమ పెట్టింది.

మేస్త్రీ వెంకటగిరియప్ప చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"రెక్కలుండే మారెమ్మను యాడ చూస్తివమ్మా నువ్వు? అది కిరస్తానీవాళ్ళ దేవదూత. పెట్టిచ్చినాయమ్మ ఆదివారం వస్తాది. అంతలోపల తెల్లగా చెయ్యి తల్లీ!"

పసుపు నీళ్ళకు పోలేదు, సబ్బుకు పోలేదు. ఇంట్లో ఇత్తడి చెంబును మెరిపించేది చింతపండే కదా అని తెచ్చి, పీచుతో రెండు దినాలు తోమింది. వేళ్ళు ఒరుసుకుపోయాయి. పసుపు చాలావరకు పోయింది, దాంతోపాటే రాతి నునుపూ పోయింది. అద్దంలా ఉండే పాదాలు సుద్దముక్కల్లా గరుకుతేలాయి.

పీఠం మీద కారిన పులుసు కడుగుదామని అల్లుకున్న తీగను లాగితే కింద అక్షరాలు కనబడ్డాయి. నాలుగో తరగతి కన్నడంతో కూడబలుక్కుని చదివింది. ఒక ఆడపిల్ల పేరు. కింద 1979, 1987. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఎనిమిదేళ్ళు. సంధ్యకు మొన్న ఉగాదికే ఎనిమిది నిండాయి.

మునిలక్ష్మి చేతిలోని తీగను వదిలేసింది. స్కూలు వదిలాక బిడ్డ అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆస్పత్రి దాకా ఆలోచన పోయే మనిషి ఆమె. పోయిన బిడ్డ రాయి ముందర బతికున్న బిడ్డ పేరు చెప్పుకొంటినే! తోడు కావాలని పిలుచుకుంటే?

ఆదివారం సంధ్యను పనిముట్ల గదిలో కూర్చోబెట్టి, "నేను పిలిచేదాకా గడప దాటితే కాళ్ళిరగ్గొడతా" అంది.

బొమ్మ పెట్టించిన ఫిలోమినమ్మ గొడుగేసుకుని, పూలు పట్టుకుని వచ్చింది. కోలారు పక్క మనిషి, తెలుగే మాట్లాడుతుంది. బొమ్మ పాదాల మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"ఎవరు చేసినారు దీన్ని?"

వెంకటగిరియప్ప చెట్టుకేసి చూశాడు. ఏ కాకి మీదకో నెడదామనుకుంది మునిలక్ష్మి. కానీ అబద్ధానికీ ఓపిక కావాలి.

"నేనేమ్మా. నా కూతురికి జ్వరమొస్తే దేవతని మొక్కుకుంటిని. పసుపు పూసిందీ నేనే, చింతపండుతో తోమి చెడిపిందీ నేనే. పని తీసేయండి గాని, మనసులో ఏమీ అనుకోవద్దండి."

"జ్వరం దిగిందా?"

"దిగిందమ్మా."

"పదకొండేండ్లుగా వస్తాండా. నా మాట ఒక్కటీ వినలేదు ఇది. నీ పసుపుకు పలికిందే!" ఫిలోమినమ్మ నవ్వబోయి మానుకుంది. "పాదాలు పోతే పోనీలే. ఎన్నేండ్లు నీ కూతురికి?"

"ఎనిమిది."

"ఒకసారి చూపియ్యమ్మా."

ఆ మాటకే భయపడింది ఆ అక్షరాలు చదివినప్పటి నుంచి. కడుపుకోత పడిన కళ్ళు తన బిడ్డ మీద పడాలా? ఊరికి పోయిందంటే సరిపోతుంది. కానీ ఆ చెయ్యి ఇంకా గరుకు పాదాలనే తడుముతూ ఉంది.

గదిలోకి పోయి, తన కంటి కాటుక వేలితో తీసి సంధ్య చెవి వెనక చుక్క పెట్టింది. చెయ్యి పట్టుకుని తెచ్చి నిలబెట్టింది.

ఫిలోమినమ్మ పిల్ల గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది. ముఖం మీద పడిన వెంట్రుకలు చెవి వెనక్కి దువ్వింది. వేలికి నలుపంటింది.

మునిలక్ష్మికి భూమిలోకి పోదామనిపించింది.

ఫిలోమినమ్మ వేలికేసి చూసుకుంది.

"ఇంత చిన్నదా పెట్టేది? కనబడేటట్టు పెట్టమ్మా, బుగ్గ మీద" అంది. మునిలక్ష్మి ఒరుసుకుపోయిన వేలితో మళ్ళీ కాటుక తీసి చుక్క పెట్టేదాకా, పిల్ల కదలకుండా ఫిలోమినమ్మ ఆ గడ్డం పట్టుకునే ఉంది.