అర చుట్టు తగ్గిస్తే

మధ్యాహ్నం వచ్చిన గాలివానకు న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ వెనక వీధుల్లో కరెంటు తీగలు తెగిపోయాయి. రేపటి దాకా రాదని లైన్‌మన్ సైకిలు దిగకుండానే చెప్పి వెళ్ళాడు. అప్పటి నుంచి త్రిపురసుందరి వరండాలో ఒక కాలు, గుమ్మం లోపల ఒక కాలు వేసుకుని నిలబడే ఉంది. లోపల మంచం మీద భర్త భీమశంకరం. వరండాలో చిన్న జనరేటర్ ముందు గొంతుక్కూర్చున్న కొడుకు దినకర్.

భీమశంకరం డీజిల్ షెడ్డులో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేశాడు. రిటైరైన మూడో ఏటికి ఊపిరితిత్తులు అరిగిపోయాయి. రెండేళ్ళుగా గాలి లోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను మీదే బతుకుతున్నాడు. కరెంటు ఉంటే మిషను, కరెంటు పోతే జనరేటర్. ఈ రోజు జనరేటర్ మీద పెట్టగానే మిషను మీద పచ్చ లైటు ఆరిపోయి, ఆక్సిజన్ చాలడం లేదని చెప్పే పసుపు లైటు వెలిగింది. దినకర్ తండ్రి ముక్కుకున్న గొట్టాన్ని మిషను నుంచి తీసి, మూల ఉన్న సిలిండరుకు తగిలించాడు. అది మహా అయితే రెండు గంటలు వస్తుంది.

"అమ్మా, దీన్నెవరైనా ముట్టుకున్నారేటి?" అన్నాడు దినకర్ తల ఎత్తకుండా.

"ఎవరు ముట్టుకుంటార్రా. ఏటయ్యింది?"

"గవర్నర్ స్క్రూ మీద నేను తెల్లరంగు గీత పెట్టినాను. రెండు సుట్లు వెనక్కెళ్ళిపోయింది. మీటరు సూడు, రెండొందలు దాటాల్సిన వోల్టులు నూట డెబ్బై. ఈ కరెంటు మీద మిషను ఎలాగ నడుస్తాది?"

"అదురుకి వదులైపోయిందేమో."

"అదురుకి ఒక పిసరు కదుల్తాది గానీ రెండు సుట్లు తిరగదు."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

ఇంజన్ వేగం ఎంత ఉండాలో చెప్పేది ఆ స్క్రూయేనని ఆమెకు తెలుసు. గోల్‌బజార్‌లో దినకర్‌కు ఇంజన్లు బాగుచేసే కొట్టు ఉంది. ఈ జనరేటర్ ఇంటికి తెచ్చిన రోజు అతను స్క్రూ అటు తిప్పితే రొద పెరిగింది, ఇటు తిప్పితే తగ్గింది. ఆమె చూస్తూనే ఉంది. తర్వాత నాలుగు రోజులకు పక్కింటి జోగమ్మ వచ్చి, సాలువా ఊరి దగ్గర పొలంలో పంపుసెట్టు వేగం ఆగక పరుగెత్తి, చక్రం పగిలి మనిషి మీద పడిందని చెప్పింది. ఆ మాట విన్నాక జనరేటర్ మోగినప్పుడల్లా త్రిపురసుందరికి ఇంజన్ పగిలినట్టు, మంచం దాకా మంటలు వచ్చినట్టు కళ్ళ ముందు కనిపించేది.

ఆమె రైల్వే వాళ్ళ ఇంట్లో పుట్టి, రైల్వే వాళ్ళ ఇంటికే కోడలిగా వచ్చిన మనిషి. పట్టాల మీద ఏ కాస్త అనుమానం ఉన్నా డ్రైవరు చేతికి ఒక కాగితం ఇచ్చి, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా నెమ్మదిగా పోవాలంటారని తండ్రి చెప్పేవాడు, భర్తా చెప్పేవాడు. నెమ్మదిగా పోయిన బండికి ఏమీ కాదని ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న నమ్మకం. దినకర్ ఇంట్లో లేనప్పుడు కూరగాయల చాకు మొన పెట్టి, స్క్రూ అర చుట్టు తగ్గించేది. రొద దిగేది. అతను సరిచేసి వెళితే మళ్ళీ అర చుట్టు. ఈ మధ్య అతనికి పని ఎక్కువై, చూసుకోలేదు; ఆమె తిప్పిన అర చుట్లు కలిసి రెండు చుట్లయ్యాయి.

దినకర్ కార్బొరేటర్ విప్పి కడిగాడు. గవర్నర్ కడ్డీ మీది మురికి పెట్రోలు గుడ్డతో తుడిచాడు. తాడు లాగితే ఇంజన్ పైకి లేచి, కూలబడి, మళ్ళీ లేచింది. వరండాలో బల్బు కూడా దాంతో పాటే వెలిగి మసకబారింది.

"ఏరా బాబూ," లోపలి నుంచి భీమశంకరం గొంతు సన్నగా వచ్చింది, "జీతం రోజు మా షెడ్డోళ్ళ లాగ తూలిపోతందేటి నీ ఇంజన్."

"ఒల్లకోండి. మీరు మాటాడకండి," అంది త్రిపురసుందరి.

ఆయన మాట మానేసి, చెయ్యి పైకెత్తి వేలు ఆడించాడు. ఇంకొంచెం. దినకర్ పావు చుట్టు బిగించాడు. వేలు మళ్ళీ ఆడింది. ఇంకో పావు. వేలు ఆగిపోయింది. బల్బు కదలకుండా వెలిగింది. మీటరు రెండువందల ఇరవై ఐదు చూపించింది.

"ఠీక్ హై," అన్నాడు దినకర్. అప్పటికి గంటన్నర అయింది.

గొట్టం మళ్ళీ మిషనుకు పెట్టారు. పసుపు లైటు. పది నిమిషాలు చూశారు. పసుపే. దినకర్ మిషను మీద చెయ్యి వేసి, చురుక్కుమంటే తీసేశాడు.

"లోపల మోటారు సత్తువ పోయింది. తక్కువ కరెంటు మీద లాగి లాగి ఉడికిపోయింది. ఇది ఒక్కరోజు పని కాదు."

"నేనే తిప్పినాను," అంది త్రిపురసుందరి.

దినకర్ ఆమె వైపు చూశాడు.

"నెమ్మదిగా తిరిగితే పేలదనుకున్నాను. పాల్గుణం నుంచి తిప్పతన్నాను."

కొడుకు ఏదైనా అంటే బాగుండుననిపించింది. అతను చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, గోడకు ఆనుకున్నాడు.

"నాకు తెల్సురా," అన్నాడు భీమశంకరం. "ముప్పై ఏళ్ళు ఇన్న సౌండు. దిగితే తెలీదేటి."

"తెలిసీ సెప్పలేదేటి నాన్నా?"

ఆయన రెండు ఊపిర్లు తీసుకున్నాక గానీ మాట రాలేదు. "రొద తగ్గితే మీ అమ్మ పడుకునేది. మిషనుకి దెబ్బని నాకూ తోసలేదు."

దినకర్ ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఆక్సిజన్ ఉన్న బండి ఒక్కటే, అది బయటికి వెళ్ళింది. దారిలో చెట్లు పడ్డాయి, ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారు. గొట్టం మళ్ళీ సిలిండరుకు మార్చి, సూది చూశాడు. అరగంట కూడా రాదు. గోల్‌బజార్‌లో సిలిండర్ల కొట్టు తెరిచి ఉంటే ఒకటి తెస్తానని స్కూటరు తీశాడు.

"సిలిండరైపోతే మిషనుకే పెట్టు. ఎంత ఇస్తే అంతే. జనరేటర్ని మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకోనురా."

స్కూటరు చప్పుడు మలుపు దాటాక ఆమె మంచం పక్కన కూర్చుంది. సిలిండరు సూది సున్నాకు వచ్చాక గొట్టం మార్చింది. భీమశంకరం పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్ళు మూసుకుని, వరండా వైపు తల తిప్పి వింటున్నాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉంది సౌండు," అన్నాడు.

రక్తంలో ఆక్సిజన్ చూపేందుకు ఆయన వేలికి పెట్టిన చిన్న మీటరులో, తొంభై దాకా ఉండాల్సింది, ఎనభై మూడు ఉంది. ఆమె చూస్తుండగానే ఎనభై రెండయింది. బయట ఇంజన్ ఒకే స్థాయిలో, పూర్తి వేగంతో తిరుగుతోంది. వీధిలో ఏ బండి శబ్దమూ లేదు. మీటరు ఎనభైకి వచ్చింది.