ఈశాన్యంలో అడ్డు

నేను ఒక అడ్డుపలకను. చేపల తొట్టెలో ఒక చేపకూ ఇంకో చేపకూ మధ్య నిలబెట్టే యాక్రిలిక్ ముక్కను. నా ఒళ్లంతా చిల్లులే. నీళ్లు ఇటునుంచి అటు పోవాలి, చేప మాత్రం పోకూడదు, అందుకని పెట్టారు. నన్ను ముచ్చటపడి కొన్నవాళ్లు లోకంలో లేరు. చేపల్ని ఎంచుకోవడంలో పొరపాటు చేసినవాళ్లకే నాతో పని పడుతుంది.

పుట్టింది గుంటూరులో, బోర్డులు చేసే కొట్లో. ఏదో కంటి ఆసుపత్రి బోర్డుకి అక్షరాలు కోయగా మిగిలిన ముక్కని. డ్రిల్లింగ్ మిషన్‌తో నాకు చిల్లులు పొడిచి, తెనాలిలో బాషా చేపల కొట్టుకి అమ్మారు. అక్కడ మేకుకి వేలాడుతూ మనుషుల్ని చూడటం నేర్చుకున్నాను. వీళ్లు చేపల్ని చీరలు ఎంచినట్టు ఎంచుతారు. ఆ ఎర్రది ఇవ్వండి, పక్కన ఆ నీలంది వెయ్యండి, ఇంకొంచెం మెరిసేవి లేవా అంటారు. ఏది ఎంత పెరుగుతుంది, దేనికి గుంపు కావాలి, దేనికి పక్కన ఎవరున్నా గిట్టదు అని అడిగే పుణ్యాత్ములు ఎప్పుడో ఒకరు వస్తారు. మిగతావాళ్లు కొన్న చేపల్ని చల్లగా నీళ్లలో పడేసి, కలిసి ఉండండమ్మా అని చెప్పి, మర్నాడు తేలిన శవాన్ని చూసి బాషా చేపలు మంచివి కావు అంటారు.

ఒకరోజు వకుళ వచ్చింది. పక్కన రెండో క్లాసు చదివే కూతురు ఇందుజ. వకుళ మొదటి భర్త పోయాక పిల్లతో అన్నగారింట్లో ఉండేది. ఆ ఇంట్లో పిల్ల రెండోసారి అన్నం అడగడానికి భయపడటం చూసి, టైల్స్ వ్యాపారం చేసే కోటిలింగాన్ని పెళ్లి చేసుకుంది. ఆయనకూ భార్య పోయింది, ఉజ్వల అని పదో తరగతి కూతురుంది. ఆ ఇంట్లో తన పిల్ల బెదురు లేకుండా తిని పడుకుంటే చాలు, అంతకుమించి వకుళకు ఆశ లేదు. ఈ సంగతులన్నీ తర్వాత ఆ ఇంట్లో విన్నవే. ఆ రోజు నాకు కనిపించింది మాత్రం, కొంగు పట్టుకుని నడిచే ఒక పిల్ల.

"తొట్టె బోసిగా ఉందని మావారు చిన్నచేపలు ఏవైనా తెమ్మన్నారండీ" అంది వకుళ.

"ఇప్పుడందులో ఏవుంది తల్లీ?" అన్నాడు బాషా.

"ఫ్లవర్‌హార్న్ ఒకటుంది. నుదుటిమీద బొడిపె ఉంటుంది, ఇంట్లో ఉంటే అదృష్టమంటారు చూడండీ, అది."

బాషా చేతిలో వల దించేశాడు. "దాంతో ఏదీ బతకదమ్మా. గప్పీలు, మోలీలు అయితే కలిసిమెలిసి తిరుగుతాయి. ఇదట్టా కాదు. నోట్లో పట్టేదాన్ని మింగుద్ది, పట్టనిదాన్ని పొడిచి పొడిచి చంపుద్ది. దాని తప్పు కూడా కాదులే. తొట్టె మొత్తం తనదే అనుకుంటుద్ది."

ఈలోగా ఇందుజ ఒక అద్దం దగ్గర ఆగిపోయింది. లోపల ముత్యాల గౌరామీలు రెండు, దారాల్లాంటి మీసాలతో అద్దాన్ని తడుముతున్నాయి. పిల్ల వేలు పెట్టినచోటికల్లా వస్తున్నాయి.

"అమ్మా, ఇవీ" అంది.

కొత్త ఇంటికి వచ్చిన తర్వాత ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు. వకుళ కాదనలేకపోయింది. బాషాకి అంతా తెలుసు. తెలిసీ గౌరామీల్ని సంచిలో వేశాడు, నన్ను మేకు మీంచి తీశాడు. "ఇది మధ్యన పెట్టుకోండి. తియ్యమాకండి మరి" అన్నాడు. మంచి సలహాకి, బేరానికి మధ్య పెట్టే పలక ఆ కొట్లో లేదు.

కోటిలింగం ఇంట్లో తొట్టె ఈశాన్యం గదిలో ఉండేది. అది ఆడపిల్లల గది. అప్పటిదాకా ఉజ్వల ఒక్కదానిదే. ఇప్పుడు రెండో మంచం పడింది. నన్ను తొట్టె మధ్య దింపగానే ఫ్లవర్‌హార్న్ వచ్చి బొడిపెతో ఢీకొట్టింది. మళ్లీ కొట్టింది. రోజూ కొట్టేది. అవతల గౌరామీలు మాత్రం తిండి తిని, పైకొచ్చి గాలి పీల్చి, హాయిగా తిరిగేవి. నా బతుకులో గర్వపడ్డ రోజులు అవే.

గదిలో మాత్రం అడ్డు లేదు. ఇందుజ రిబ్బన్లు డస్ట్‌బిన్‌లో పడేవి. పుస్తకం తడిసేది. పిల్ల నిద్రలో మూలిగితే ఉజ్వల జామెట్రీ బాక్సులోంచి కంపాస్ తీసి పొడిచేది. ఆ తర్వాత తల్లి ఫోటో గుండెల మీద పెట్టుకుని తనూ ఏడ్చేది. నాకు కోపం వచ్చేది, జాలీ వేసేది. రెండూ ఒక్కసారే రావడం ఎంత బాధో ఆ గదిలోనే తెలిసింది.

స్నానం చేయించేటప్పుడు పిల్ల జబ్బ మీద మచ్చలు వకుళ చూసింది. "దోమలమ్మా" అంది పిల్ల. వకుళ ఆ సాయంత్రమే పిల్ల మంచం తన గదిలోకి లాగేసుకుంది. ఇంట్లో గొడవ సద్దుమణిగింది. ఉజ్వల కూడా కొంచెం తేరుకుంది. ఒకసారి గౌరామీలకు తనే మేత వేసింది.

అప్పుడు దిగాడు సీతాపతి. కోటిలింగం అక్క మొగుడు. రిటైరయ్యాక వాస్తు పుస్తకాలు చదివి ఊళ్లోవాళ్ల గోడలు పడగొట్టించడమే పనిగా పెట్టుకున్నాడు. ఇల్లంతా తిరిగి, తొట్టె ముందు నిలబడి, నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఈశాన్యంలో నీళ్లకి అడ్డా? ఏవోయ్, బుద్ధుండే పెట్టావా? వ్యాపారం పడిపోయిందంటే పడిపోదూ! ఇంట్లో పిల్లలకి పడటం లేదంటే పడుతుందా!"

కోటిలింగం ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లూ తనకు అర్థంకాని కష్టాలన్నిటికీ కారణం జానెడు ప్లాస్టిక్ ముక్క అని తెలిస్తే ఎవరికి మాత్రం సంతోషం కాదు? చెయ్యి నీళ్లలో పెట్టాడు.

"తియ్యకండీ, చచ్చిపోతాయి" అంది వకుళ.

"ఏం చావవు" అన్నాడు కోటిలింగం. "చేపలకి కూడా వేరుకాపురాలేంటి? నాలుగు రోజులు కొట్టుకుంటాయి, తర్వాత అవే సర్దుకుంటాయి. నువ్వు సర్దుకోలేదూ? పిల్ల మంచం కూడా మళ్లీ ఇక్కడ వెయ్యి. అక్కాచెల్లెళ్లు కలిసి ఉండాలి."

ఎదురు చెబితే మళ్లీ అన్నగారి గుమ్మమే ఎక్కాలని వకుళకు తెలుసు. మంచం తనే లాక్కొచ్చి వేసింది.

నన్ను గోడకి చేరేసి, నీళ్లు కారుతూ ఉండగానే అందరూ భోజనాలకి వెళ్లారు. ఉజ్వల మాత్రం ఆకలి లేదని మంచం మీదే ఉండిపోయింది. ఫ్లవర్‌హార్న్ కాసేపు నేనున్నచోటే ఆగింది, అలవాటు కదా. తర్వాత దాటింది. ఒక గౌరామీని మూలకి తోసి చీల్చేసింది. రెండోది గాలి కోసం పైకొచ్చినప్పుడల్లా కింది నుంచి పొడుస్తోంది.

ఇందుజ చెయ్యి కడుక్కుని వచ్చి చూసింది. కేక పెట్టలేదు. స్టూలు లాక్కుని ఎక్కి, తొట్టెలో చెయ్యి పెట్టింది, మిగిలినదాన్ని అందుకుందామని. పెద్దచేప ఆ చేతినే పొడిచింది. పిల్ల దాన్ని అరచేత్తో తోసేసింది.

"చెయ్యి తియ్యి! అది మా అమ్మ కొన్నది!" అని ఉజ్వల మంచం మీంచి దూకింది.

పిల్ల తియ్యలేదు. ఉజ్వల స్టూలుని కాలితో తన్నింది. పడిపోతూ పిల్ల తొట్టె అంచు పట్టుకుంది. సన్నకాళ్ల స్టాండు మీది తొట్టె ఆమెతోపాటే వచ్చేసింది.

నీళ్లు, అద్దం, నెత్తురు. ఉజ్వల తన కాలి వంక చూసుకుంది. ఆ వెంటనే చున్నీ లాగి ఆ పిల్ల మణికట్టుకు చుట్టి, గట్టిగా అదిమి, "పిన్నీ! పిన్నీ!" అని అరిచింది. పెళ్లయ్యాక వకుళను అలా పిలవడం అదే మొదలు. వకుళ పిల్లను ఎత్తుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది, కోటిలింగం ఆటో కోసం పరిగెత్తాడు. సీతాపతి గబగబా బకెట్లో నీళ్లు పట్టి అదృష్టచేపని అందులో వేశాడు. అది బతికింది. గౌరామీని ఎవరూ చూడలేదు.

నరం తెగిందన్నారు. కుట్లు పడ్డాయి, గాయం మానింది, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రం మళ్లీ వంగలేదు. ఎలా పడ్డావని అందరూ అడిగారు. "జారాను" అంది పిల్ల. వకుళ ఉజ్వల ముఖం వంక చూసింది. ఉజ్వల తల దించుకుంది. అంతే, వకుళకు తెలిసిపోయింది. తెలిసి ఏం చెయ్యాలి? అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే ఈ ఇంట్లో ఉండటం కుదరదు. అందుకని అడగలేదు. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

కోటిలింగం చెడ్డవాడేం కాదు. ఆసుపత్రిలో పిల్ల పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నాడట. ఆ తర్వాత బాగా ఆలోచించి, ఇద్దరికీ పడనప్పుడు చిన్నదాన్ని హాస్టల్లో వేస్తే అందరికీ మంచిదన్నాడు. ఎడమచేత్తో రాయడం ఇంకా రాని పిల్ల, ట్రంకు పెట్టె పట్టుకుని వెళ్లిపోయింది. ఈశాన్యంలో కొత్త తొట్టె వచ్చింది, ఇంకా పెద్దది. అందులో ఫ్లవర్‌హార్న్ ఒక్కటే తిరుగుతోంది. నన్ను పెరట్లో బట్టల సబ్బుల కింద వేశారు. ఎండకి ఒకవైపు వంకరపోయాను.

మొన్న సీతాపతి మళ్లీ వచ్చాడు. "చూశారా బావగారూ, అడ్డు తీసేశాక ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నాడు కోటిలింగం. పెరటిదాకా వినిపించింది. వకుళ వాళ్లకి కాఫీ గ్లాసులు అందించి పెరట్లోకి వచ్చింది. సబ్బులు పక్కకి తీసి, నన్ను కుళాయి కింద పెట్టి, పీచుతో ఒక్కో చిల్లూ కడిగింది. కొంగుతో తుడిచింది. వచ్చేవారం దసరా సెలవులు. పిల్ల ఇంటికొస్తుంది.

రెండు చేతులతో నన్ను పట్టుకుని లోపలికి వచ్చి, ఈశాన్యం గది గుమ్మంలో నిలబడింది. మంచాల వంక చూసింది, హాలు వంక చూసింది, తన గది వంక చూసింది. నన్ను ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు.