పై గొళ్లెం

అన్నయ్య పోయిన రెండో నెలకే ఆయన పెంచిన ఇగ్వానాకు పాత గాజుపెట్టె చాలకుండా పోయింది. ఆ పెద్ద తొండంటే నాకు ఒళ్లుమంట. కానీ నేను వడ్రంగిని; దానికి కొత్త గూడు చేసిపెట్టమని వదిన అడిగితే కాదనలేకపోయాను.

"అది కొమ్మలెక్కే ప్రాణి. వెడల్పు కాదు, ఎత్తు కావాలి," అంది వదిన.

అన్నయ్య బట్టల బీరువా ఇంటి కప్పుదాకా ఉంటుంది. దాన్ని ఖాళీ చేసి, చెక్క తలుపు తీసేసి జాలీ తలుపు బిగించాను. లోపల పైన వేడి లైటు, దాని కింద లావుపాటి కొమ్మ అమర్చాను. ఇగ్వానా తిన్నగా పైకెక్కి కళ్లు మూసుకుంది.

ఆకులు పెట్టడానికి వచ్చిన వదినకు మునివేళ్ల మీద లేచినా గొళ్లెం అందలేదు.

ఈ ఇంట్లో ఏ తలుపు చేసినా పొడగరి అన్నయ్యను చెయ్యెత్తమని, వేళ్లు తగిలిన చోట గీత గీసి గొళ్లెం పెట్టేవాణ్ణి. ఈసారి ఆయన లేకుండానే గీత అక్కడే గీశాను.

"దించేస్తాను వదినా," అంటూ స్క్రూడ్రైవర్ తీశాను.

వదిన గొళ్లెం కేసి చూసింది.

"ఉండనీ," అని, వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుంది.