ఖాళీ లాగ్

జోలీన్‌కి అన్నిటికన్నా ఎక్కువ భయం నిశ్శబ్దం. తొమ్మిది నెలల కూతురు ఎలోడీ పక్కగదిలో ఏడిస్తే ఆమెకు ధైర్యం. ఏ చప్పుడూ లేకపోతే పది నిమిషాలకోసారి లేచివెళ్లి, ఆ చిన్ని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వెచ్చటి గాలి తగిలాకే మళ్లీ కుర్చీలోకి వచ్చేది.

ఆ ఉదయం మూడోసారి వచ్చి కూర్చునేసరికి, మొలాసిస్ అనే చెరుకుపాకం రాసుకున్న రొట్టె గట్టిపడిపోయింది. మార్చి మంచు వానలో కలిసి కిటికీ మీద జారుతోంది. వంటింటి బల్లే ఆమె ఆఫీసు. సమాచారం దాచి, అడిగితే వెతికిచ్చే డేటాబేస్ అమ్మే ఒక కంపెనీకి, దాన్ని వాడేవాళ్లకోసం మాన్యువల్ రాయడం ఆమె పని.

తనను ఎవరెవరు ఏమడిగారో, దేనికి ఎంతసేపు పట్టిందో డేటాబేస్ ఒక ఫైల్లో రాసుకుంటుంది. అదే లాగ్. ఎంత ఆలస్యమైతే రాయాలో చెప్పడానికి ఒక అంకె పెట్టాలి. సున్నా పెడితే అడిగిన ప్రతిదీ రాస్తుంది. మైనస్ ఒకటి పెడితే ఏదీ రాయదు. జోలీన్ ఈ రెండు ముక్కలూ పేజీ అడుగున ఎక్కడో రాసింది. పోయిన నెల ఒక ఆసుపత్రివాళ్లు అంతదాకా చదవలేదు. సున్నా అంటే ఆపేయడమే అనుకున్నారు. రెండు రోజుల్లో డిస్కు నిండిపోయి, ఒక పూటంతా జనం అపాయింట్‌మెంట్ల బల్ల ముందు నిలబడిపోయారు. వాళ్లలో చంటిపిల్లల తల్లులూ ఉండే ఉంటారు. ఆ మాట తలచుకుంటే జోలీన్‌కి తిండి సయించడం లేదు. కాలేజీ రెండో ఏట చదువు ఆపేసిన తనను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఇంకా భయంగా ఉంది.

సరిచేసిన పేజీ ఇవాళ నాలుగింటికి బయటికి వెళ్లాలి. వెండెల్ చూడందే వెళ్లదు.

వెండెల్ పిట్‌మన్‌కి డెబ్బై ఒకటి. అరగంట దూరంలో, షెడియాక్ అనే ఊళ్లో ఒంటరిగా ఉంటాడు. నలభై ఏళ్లు మాన్యువళ్లు రాసి, ఇప్పుడు ఆమె రాసినవి చదివిపెడుతున్నాడు. కాగితం మీద అచ్చు వేసుకుని, పెన్సిలుతో గీతలు పెట్టి, తొమ్మిదింటికల్లా జవాబు పంపుతాడు. తప్పు కనబడిందంటే ఐదు నిమిషాలు ఊరుకోలేడు, ఫోన్ చేసేస్తాడు. పోయిన వారం కూడా అంతే.

"'సాధారణంగా పనిచేస్తుంది' అని రాశావు. సాధారణంగా అంటే ఎప్పుడమ్మాయ్, మంగళవారాలా?"

"నా తప్పులు పట్టకపోతే మీకు టీ అరగదా వెండెల్‌గారూ?"

"టీ అరుగుతుంది. నీ వాక్యాలే అరగడం లేదు."

ఇవాళ పదకొండైనా ఏమీ రాలేదు. తెర మీద ఆయన పేరు పక్కన ఆకుపచ్చ చుక్క మాత్రం వెలుగుతోంది. అంటే కంప్యూటర్ ముందు ఉన్నాడన్నమాట. ఒకసారి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఫోన్ కోటు జేబులో మర్చిపోవడం ఆయనకు మామూలే. మళ్లీ చెయ్యడానికి మొహమాటపడింది. పోయినసారి ఇలాగే చేస్తే, "నా ముక్కు దగ్గర కూడా వేలు పెట్టి చూస్తావా ఏంటి?" అని నవ్వాడు.

పేజీలోకి తలదూర్చింది. 'లాగ్ ఖాళీగా ఉంటే ఆలస్యమైన ప్రశ్నలేవీ లేనట్టే.' ఎన్నిసార్లు చదివినా హాయిగా అనిపించే వాక్యం. ఈసారి అక్కడే ఆగింది. మైనస్ ఒకటి పెట్టినా లాగ్ ఖాళీగానే ఉంటుంది కదా! చూసి తేడా ఎలా చెప్పగలరు? దాని కింద రాసింది: 'ఆలస్యమవుతుందని మీకు ముందే తెలిసిన ప్రశ్న ఒకటి కావాలనే అడగండి. అది లాగ్‌లో పడకపోతే...'

చెయ్యి ఆగిపోయింది. ఆకుపచ్చ చుక్క వైపు చూసింది.

తర్వాత వెండెల్‌కి ఒక తప్పుడు వాక్యం పంపింది. 'సున్నా పెడితే లాగ్ ఆగిపోతుంది. ఇదే ఖాయం చేస్తున్నాను.'

ఐదు నిమిషాలు. ఏడు. ఈపాటికి ఫోన్ మోగి, తిట్లు మొదలవ్వాలి. పదకొండు నిమిషాలు.

చలికాలంలో కరెంటు పోయినప్పుడు ఆయనిచ్చిన పక్కింటి ఓడెట్ నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేసింది.

"ఓడెట్‌గారూ, నేను జోలీన్‌ని, వెండెల్‌గారితో పనిచేస్తాను. ఒక్కసారి ఆయనింటికి వెళ్లి చూస్తారా?"

"ఏమైందమ్మా? లైటు వెలుగుతూనే ఉందిగా. పొద్దుటినుంచీ కనబడుతోంది."

"రాత్రి ఆర్పారో లేదో చూశారా?"

ఓడెట్ బూట్లు వేసుకుంటున్న చప్పుడు, తర్వాత తడిమంచు మీద అడుగులు, తలుపు మీద బాదుడు వినిపించాయి. "ఒరే ముసలాడా, తలుపు తియ్! అమ్మాయి కంగారుపడుతోంది!" ఆవిడ దగ్గరుండే తాళంచెవి తిరిగింది. ఆ తర్వాత ఏమీ లేదు. జోలీన్ ఆ ఏమీ లేకపోవడాన్ని చెవికి గట్టిగా ఆనించుకుని నిలబడింది.

"తల్లీ," అంది ఓడెట్ చాలాసేపటికి. "కుర్చీలోనే ఉన్నాడు. చల్లబడిపోయాడు. కళ్లజోడైనా తియ్యలేదు." ముక్కు చీదింది. "ఒళ్లో కాగితాలున్నాయి, పైన నీ పేరుంది. ఒకచోట పెన్సిలుతో గీత పెట్టాడు."

"ఎక్కడండీ?"

ఓడెట్ కూడబలుక్కుంటూ చదివింది. "లాగ్ ఖాళీగా ఉంటే... ఆలస్యమైన ప్రశ్నలేవీ లేనట్టే. పక్కన రాశాడు, 'ఎవరు చెప్పారమ్మాయ్?' అని."

పక్కగదిలో ఎలోడీ గుక్కపెట్టి ఏడ్చింది. జోలీన్ వెళ్లి ఎత్తుకొచ్చి ఒళ్లో పెట్టుకుంది. పంపిన తప్పుడు వాక్యాన్ని ఒంటిచేత్తో చెరిపేసింది. సున్నాని, మైనస్ ఒకటిని పేజీ నెత్తికి ఎక్కించింది. వెండెల్ గీత పెట్టిన వాక్యం తీసేసి అక్కడ ఇలా రాసింది: 'లాగ్ ఖాళీగా ఉంటే అంతా సవ్యంగా ఉందనుకోకండి.' నాలుగింటికి, ఇంకెవరూ చూడకుండానే, పేజీ వెళ్లిపోయింది.

షెడియాక్‌లో ఆ కంప్యూటర్ని కట్టేయాలని ఎవరికీ తోచలేదు. మర్నాటికి కూడా వెండెల్ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. మీకూ అలాంటి చుక్క ఒకటి ఉంటే, వెలుగుతోంది కదా అని ఊరుకోకండి. ఇవాళే ఒకసారి వెళ్లి చూసి రండి.